గెడ్డలు తెస్తున్నాయి.. రంభ మోస్తోంది

రంభ (గంజాం): జెట్టీ మీద నిలబడి చూస్తే చిల్కా అందమే అందం. చుట్టూ కొండలు, నీళ్ల మధ్య బర్కుడా లంక, దూరంగా పడవలు. చూపు కాస్త కాళ్ల దగ్గరికి దించితే మాత్రం వేరే కథ. గట్టు రాళ్ల మధ్య గుట్కా ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, చిరిగిన నైలాన్ వల ముక్కలు. పిక్నిక్‌కు వచ్చినోళ్ల పనేనని అనేస్తాం. కొంత నిజమే. కానీ తప్పంతా వాళ్ల నెత్తిన రుద్దితే లెక్క తేలదు.

చెత్తలో చాలా భాగానికి నీళ్లే దారి. ఉత్తరాన దయా, భార్గవి లాంటి మహానది పాయలు, పడమట కొండల మీంచి దిగే గెడ్డలు అన్నీ చిల్కాకే వస్తాయి. భువనేశ్వర్ మురుగు గంగువా కాలువలో పడి, దయాలో కలిసి, చివరికి తేలేది ఈ సరస్సులోనే. మన వైపున జాతీయ రహదారి, రైలు పట్టాలు నీటి అంచునే పోతాయి. రోడ్డు పక్కన విసిరిన కవరు కల్వర్టు కింద కాచుకుని ఉంటుంది. మొదటి గట్టి వానకే దాని ప్రయాణం మొదలు.

ఇదివరకు ఊరి నీరు చెరువులోకి, చెరువు నిండితే పొలాల్లోకి, ఆ తర్వాతే గెడ్డలోకి పోయేది. గట్టు మీది మొగలి పొదలు, రెల్లు చెత్తను ఆపేవి. చాలా ఊళ్లలో ఇప్పుడు చెరువు గర్భాలు ఇళ్ల స్థలాలయ్యాయి, గట్ల మీద పొదలు పోయి సిమెంటు కాలువలొచ్చాయి. ఇంక కవరు ఆగే చోటేదీ? నదుల మీదుగా కడలికి చేరే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని 2021లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో అచ్చయిన అధ్యయనం లెక్క కట్టింది. అందులో పట్టణాల పక్కన పారే చిన్న నదులదే పెద్ద వాటా. నేల వాలు, నేల వాడకం కూడా ఆ లెక్కలో ఉన్నాయి.

వచ్చింది పోదు

1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కిన చిల్కా, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాక తేరుకుని 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. గర్వపడాల్సిన సంగతే. అయితే ఆ ముఖద్వారానికి రంభ చాలా దూరం. ఈ దక్షిణ కొసన నీరు మారడం నెమ్మది. రుషికుల్యా వైపు పోయే పాలూరు కాలువ ఉన్నా అది సన్నటి దారి. అందుకే ఇక్కడికి చేరిన చెత్త ఇక్కడే మకాం వేస్తుంది.

నీటిని వాడుకునే తీరూ మారింది. పూర్వం మాటు వేసే ఖొండాలు వెదురు బద్దలతో అల్లేవారు. పాడైతే అవే కుళ్లి నీళ్లలో కలిసేవి. వాటి చోట నైలాన్ వలలు వచ్చాయి. రొయ్యల కోసం సరస్సునే కంచెలు కట్టి పంచుకున్న 'ఘేరీ'లకూ కర్రలు, నైలాన్ వలలే. చిల్కా చుట్టూ వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు వద్దని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఘేరీలు తీసేయాలని హైకోర్టూ ఆదేశించింది. తీయడం, మళ్లీ వెలవడం.. ఇదో దాగుడుమూతలాట. ఈ ఆటలో నీటి అడుగున మిగిలేది చిరుగు వల. అది యజమాని లేకుండానే చేపను, పీతను పడుతూనే ఉంటుంది. ఇక్కడి ఇరావడీ డాల్ఫిన్లకూ వలలే గండం. నష్టం ఎవరికి? చిల్కానే నమ్ముకున్న జాలరులకు, వాళ్లలో ఉన్న మన తెలుగు నోలియాలకు.

2022 జులై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం అమల్లో ఉంది. కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు ఆ జాబితాలో ఉన్నాయి. వల లేదు. పాత వల ఒడ్డుకు తెస్తే కిలోకింతని తీసుకునే ఏర్పాటుంటే నీళ్లలో వదిలే వాళ్లు తగ్గుతారు. చెత్త బండి జెట్టీ దాకా రావాలి. కల్వర్టుల నోళ్లకు జాలీలు వానలకు ముందే బిగించాలి. గెడ్డ పొంగాక బిగిస్తామంటే అప్పటికే కవర్లు బర్కుడా దగ్గర తేలుతుంటాయి.