కింద హోటలు, పైన ఫ్లాట్లు: మన పొలం రంగు మార్చేది ఎవరు?

మా ఊరి పంచాయతీ ఆఫీసు గోడకి ఒక నోటీసు బోర్డు ఉంది. రేషన్ తేదీలు, పశువుల టీకాల కబురు, పోలియో చుక్కల కాయితం, అన్నీ ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటయ్. నాలుగేళ్ళ కిందట వాటి మధ్యనే ఇంకో కాయితం అంటించారు. ఫలానా సర్వే నంబర్లలో ఉన్న వ్యవసాయ భూమిని మిశ్రమ వినియోగంలోకి మార్చదల్చుకున్నాం, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసివ్వండి అని దాని సారాంశం. ఆ పదిహేను రోజులూ నేను ఆ గోడ ముందు నుంచే బండేసుకుని పోయా. ఒక్కసారి కూడా ఆగి చదవలా.

మా నాన్న కౌలుకి చేసే మూడెకరాల మిరప చేను ఆ సర్వే నంబర్లని ఆనుకునే ఉంది. ఇవ్వాళ అక్కడ హైవే వైపు కింద హోటలు, ఫంక్షన్ హాలు, పైన గదులు, వెనకమాల ఐదంతస్తుల ఫ్లాట్లు. కట్టేవాళ్ళు నేలని మూడడుగులు ఎత్తు లేపారు. పాత డొంక పక్కన వాన నీళ్ళు పోయే బోదె పూడిపోయింది. తర్వాత వచ్చిన తుఫాను వానకి నీళ్ళకి దారి లేక మా చేను నాలుగు రోజులు నానింది. నల్లరేగడిలో మిరప వేళ్ళకాడ నీళ్ళు నిలబడితే ఏమవుద్దో ఈ పక్క పిల్లలకి నేను చెప్పాల్సిన పనిలేదు. కాయ మీదున్న చెట్టు నిలువునా వడలిపోయింది.

మా నాన్న పోయి అడిగితే ఆఫీసులో ఒకటే మాట. "నోటీసు ఇచ్చాం గదయ్యా, అప్పుడు మీరెవరూ ఏమీ రాయలేదే." అది అబద్ధం కాదు. అందుకే నాకు ఎక్కువ మండింది. డిగ్రీ చదివినోడిని ఇంట్లో నేనొక్కణ్ణే.

ఇట్టాంటి కట్టడానికి అనుమతి ఎట్టా వస్తదో ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్నా. నేను తెలుసుకున్నది మీకు చెప్తా. మీ ఊరి బోర్డు మీద కాయితం పడినప్పుడు పనికొస్తది.

ఫైలు దాటే మూడు గడపలు

మొదటి గడప రెవెన్యూగా ఉండేది. వ్యవసాయ భూమిని వేరే పనికి వాడుకోటం మీద 2006లో నాలా చట్టం వచ్చింది. దాని కింద ఫీజు కట్టి కన్వర్షన్ చేయించుకున్నోళ్ళు "మాకు అన్ని అనుమతులూ వచ్చేసినయ్" అని ఊళ్ళో చెప్పేవాళ్ళు. మనం నమ్మేవాళ్ళం. కన్వర్షన్ అంటే రెవెన్యూ రికార్డులో భూమి లెక్క మారటం, అంతవరకే. అక్కడ ఏం కట్టొచ్చు, ఎన్ని అంతస్తులు కట్టొచ్చు అనేది దాంట్లో ఉండదు.

రెండో గడప మాస్టర్ ప్లాను. మాస్టర్ ప్లాను ఉన్న ప్రాంతంలో ప్రతి సర్వే నంబరుకీ మ్యాపులో ఒక రంగు ఉంటది. ఇళ్ళకొక రంగు, వ్యాపారానికొకటి, ఫ్యాక్టరీలకొకటి, పంటకొకటి. హోటలూ ఇళ్ళూ ఒకే చోట రావాలంటే ఆ భూమి వాటిని ఒప్పుకునే జోన్‌లో ఉండాలి. అమరావతి ప్లానులో ఐతే మిశ్రమ వినియోగానికి సీ1 అని ఒక జోనే ఉంది. పచ్చరంగులో ఉన్న చేనుని ఇంకో రంగులోకి మార్చాలంటే ముందు ముసాయిదా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరాలు, సలహాలు తీసుకోటానికి గడువు పెట్టాలి. మామూలుగా అది పదిహేను రోజులు. ఆ తర్వాతే గెజిట్‌లో తుది ప్రకటన.

మూడో గడప బిల్డింగ్ ప్లాను. రోడ్డు ఎంత వెడల్పుంది, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, పార్కింగు ఎంత, నిప్పంటుకుంటే ఫైరింజన్ తిరగటానికి చోటుందా, ఇవన్నీ 2017 నాటి రాష్ట్ర బిల్డింగ్ రూల్స్ ప్రకారం చూస్తారు. పంచాయతీల్లో లేఔట్లకి, ఇళ్ళకి 2002లో వచ్చిన రూల్స్ వేరే ఉన్నయ్.

జనం నిద్ర లేచేది ఈ మూడో గడప కాడ, జేసీబీ చేలో దిగినాక. అప్పటికి ఆలస్యం అయిపోద్ది. అక్కడ ఆఫీసరు చూసేది కట్టడం రూల్స్‌కి సరిపోయిందా లేదా అనే. అసలు ఈ చేలో హోటలు రావాలా వద్దా అనే ప్రశ్న రెండో గడప కాడే తేలిపోయి ఉంటది. నేను బండి ఆపకుండా పోయింది సరిగ్గా ఆ పదిహేను రోజులే.

సర్పంచ్ చేతిలో ఉన్నదెంత

మా ఊళ్ళో అందరూ ముందు సర్పంచ్‌నే తిట్టారు. ఆయన చేతిలో ఏముందో చూద్దాం. 1992లో రాజ్యాంగానికి రెండు సవరణలు చేశారు. 74వ సవరణతో పన్నెండో షెడ్యూలు వచ్చింది. పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ పద్దెనిమిది పనులు దాంట్లో ఉన్నయ్. మొదటిదే పట్టణ ప్రణాళిక. రెండోది భూమి వాడకం, కట్టడాల నియంత్రణ. పంచాయతీల కోసం 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్లో ఇరవైతొమ్మిది పనులున్నయ్. గ్రామీణ గృహ నిర్మాణం ఉంది, చిన్న నీటి పారుదల ఉంది. ప్రణాళిక మాట లేదు. అంటే పట్నం మన చేల మీదకి పాకి వచ్చే చోట, ఆ పాకటం గురించి నిర్ణయించే అధికారం ఊరికి కాయితం మీద కూడా పెద్దగా రాలేదు.

మున్సిపాలిటీలకి కాయితం మీద వచ్చింది గానీ, జోన్ మార్చే పని ఎక్కువగా అభివృద్ధి సంస్థల దగ్గర, వాటి పైన ప్రభుత్వం దగ్గర ఉంటది. ఒంగోలు పక్క ఐతే ఒంగోలు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ. గుంటూరు పక్క సీఆర్‌డీఏ. పల్నాడు, బాపట్ల అథారిటీల్లోకి పోయిన ప్రాంతాన్ని 2024 చివర్లో మళ్ళీ సీఆర్‌డీఏలోకి తెచ్చారు. 2022లో జిల్లాలు మారినయ్, ఆ మీదట ఇవి మారినయ్. అందుకే మీరు ముందు తెలుసుకోవాల్సింది మీ ఊరు ఇవ్వాళ ఏ అథారిటీ కిందుందో. అర్జీ తప్పు ఆఫీసుకి పోతే అది అక్కడే ముసలిదైపోద్ది.

ఆర్5 కథ

ఊరి మాట లేకుండా రంగు మారిస్తే ఏమవుద్దో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మన గుంటూరు జిల్లాలోనే ఉంది.

రాజధాని కోసం 2015 నుంచి 29 ఊళ్ళ రైతులు 33 వేల ఎకరాలకి పైగా ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారు. మెట్ట ఎకరానికి అభివృద్ధి చేసిన వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వ్యాపార స్థలం వెనక్కి ఇస్తామని ఒప్పందం. జరీబు ఐతే వెయ్యి, 450. ఆ గజాలకి విలువ వచ్చేది చుట్టూ ఏం వస్తదనే దాన్ని బట్టి. అంటే రైతు చేతిలో మిగిలింది ఒక రకంగా మాస్టర్ ప్లానే. ఆ ప్లాను 2016లో ఖరారైంది.

2021 పంచాయతీ ఎన్నికలు ఆ రాజధాని ఊళ్ళలో జరగలేదు. సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారుల పాలన. 2022లో ఆ ఊళ్ళని మున్సిపాలిటీగా మార్చే ప్రతిపాదన మీద గ్రామసభలు పెడితే జనం వద్దన్నారు. అదే ఏడు సీఆర్‌డీఏ చట్టాన్ని సవరించారు. ఎన్నికైన పాలకవర్గం లేని చోట ప్రత్యేకాధికారి అడిగినా, ఎవరూ అడక్కుండా పైనుంచే అనుకున్నా ప్లాను మార్చుకునే వీలు దాంతో వచ్చింది.

ఆ సవరణ అయిన వెంటనే, 2022 అక్టోబరు చివర్లో ముసాయిదా నోటీసు వచ్చింది. మందడం, ఐనవోలు, కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు ఊళ్ళలో సుమారు 900 ఎకరాలు ఆర్5 అనే కొత్త జోన్. బయటి ప్రాంతాల పేదలకి ఇళ్ళ స్థలాలు ఇవ్వటానికి. గడువు పదిహేను రోజులు. రైతులు వేల సంఖ్యలో అభ్యంతరాలు రాశారు. మా ఊళ్ళో లాగా నిద్రపోలా. ఐనా 2023 మార్చిలో జోన్ ఖరారైంది. ఆ నెలాఖరున 1,134 ఎకరాలు కలెక్టర్లకి అప్పగిస్తూ జీవో 45 వచ్చింది.

ప్రభుత్వం వాదన కూడా చెప్పాలి. రాజధాని ప్రాంతంలో ఐదు శాతం భూమి పేదల ఇళ్ళకి ఉంచాలని సీఆర్‌డీఏ చట్టంలోనే రాసి ఉంది. ఇల్లు లేనోడికి రాజధానిలో సెంటు స్థలం ఎందుకివ్వకూడదు అన్న ప్రశ్నలో తప్పేమీ లేదు. కౌలు రైతు కొడుకుగా నేను ఆ ప్రశ్నని కొట్టిపారెయ్యలేను. పేచీ ఎక్కడంటే, ఆ పని చెయ్యటానికి ఎంచుకున్న దారి దగ్గర. భూమి ఇచ్చినోళ్ళతో, అక్కడ బతికేవాళ్ళతో కూర్చుని మాట్లాడే ఎన్నికైన మనిషి ఆ ఊళ్ళలో ఒక్కడూ లేడు.

కేసు కోర్టుకెక్కింది. 2023 మేలో సుప్రీంకోర్టు పట్టాలు ఇచ్చుకోవచ్చు గానీ అవి హైకోర్టు తుది తీర్పుకి లోబడే ఉంటయ్ అంది. మే 26న వెంకటపాలెంలో యాభై వేల మందికి పైగా పేదలకి పట్టాలు పంచటం మొదలుపెట్టారు. జులైలో ఇళ్ళకి శంకుస్థాపన చేశారు. ఆగస్టు 3న హైకోర్టు కట్టడాల మీద స్టే ఇచ్చింది. పని ఆగింది. రైతుకి తన ప్లాను మీద నమ్మకం పోయింది. పేదోడి చేతిలో పట్టా కాయితం ఉంది, తలదాచుకోటానికి గోడ లేదు. ఇద్దర్నీ ఎదురుబొదురు నిలబెట్టింది ఆ రంగు మార్చిన పద్ధతి.

మనం రాయాల్సింది ఎట్టా

దీన్నుంచి నేను నేర్చుకుంది, అభ్యంతరం రాస్తే అన్నీ ఆగిపోతయ్ అని కాదు. వాళ్ళు రాశారు, ఆగలా. కానీ రాశారు కాబట్టే కోర్టులో నిలబడటానికి కాళ్ళున్నయ్. రాయనోడికి "అప్పుడు ఎక్కడున్నావ్" అనే మాట ఎదురొస్తది. మా నాన్నకి వచ్చినట్టే.

హోటలు వద్దు అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే దానికి బరువుండదు. పైగా హోటలు నాకు శత్రువేం కాదు. మా బాబాయి కొడుకు దాంట్లోనే రిసెప్షన్లో చేస్తన్నాడు. ముందు బెంగుళూరు పోయి రూము అద్దెకే జీతమంతా పోసేవాడు. ఇప్పుడు ఇంట్లో తిని డ్యూటీకి పోతన్నాడు. కాబట్టి కావాల్సింది ప్రశ్నలు. అన్ని గదులకీ ఫ్లాట్లకీ నీళ్ళు ఎక్కణ్ణుంచి? బోర్లు వేస్తే పక్క చేల బోర్ల సంగతేంటి? మురుగు ఎక్కడికి వదుల్తారు? నేల ఎంత ఎత్తు లేపుతారు, వాన నీటి దారి ఎటు? పెళ్ళి రోజున కార్లు ఎక్కడ పెడతారు? కాయ కోత రోజుల్లో ట్రాక్టర్లు, కూలోళ్ళ ఆటోలు పోయే డొంక అట్టానే ఉంటదా? కల్లాల పక్కన చెత్త పోస్తారా?

ఒక్కో సంగతికి ఒక్కో పేరా రాయండి. మీ సర్వే నంబరు వెయ్యండి. కొలతలు వెయ్యండి. చివర్లో ఏ షరతు పెట్టాలో మీరే రాయండి, ఇన్ని అడుగుల తూము వెయ్యాలి, డొంక వెడల్పు తగ్గకూడదు అని. ఫోటోలు జత చెయ్యండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. అది అథారిటీ చేతులు కట్టెయ్యదు గానీ ఫైల్లో ఒక కాయితంగా చేరుద్ది. ఏం జరిగిందో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫ్లాటు కొనే ఆలోచన ఉన్నోళ్ళు ప్రాజెక్టు రెరాలో ఉందో లేదో చూసి అడ్వాన్సు ఇవ్వండి.

మా చేను సంగతి అంటారా? మా నాన్నా, పక్క చేలోళ్ళూ తిరగంగా తిరగంగా రెండేళ్ళకి ఒక తూము వేశారు. చిన్న వానకి సరిపోద్ది, పెద్ద వానకి చాలదు. ప్లాను ఒప్పుకున్న రోజునే ఒక్క షరతు రాయించి ఉంటే సరైన సైజు తూము వాళ్ళ ఖర్చుతోనే పడేదేమో.

మొన్న అదే బోర్డు మీద ఇంకో నోటీసు పడింది, హైవేకి ఇటు పక్క సర్వే నంబర్లతో. ఈసారి బండి ఆపా. ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి గడువు తేదీ కింద రాశా. సాయంత్రం రచ్చబండ కాడ మా నాన్న, బాబాయి, ఇంకో ఇరవై మంది కూర్చున్నారు. నేను చదువుతుంటే వాళ్ళు బోదెలు, డొంకలు, తూములు గుర్తు చేసి చెప్పారు. మూడు పేజీలు అయ్యింది. పదకొండో రోజున ఇచ్చొచ్చాం. రసీదు మా నాన్న పట్టాదారు పుస్తకాల సంచీలో దాచాడు.