కాళ్ళ వాపు, తలనొప్పి, మాయ చేసే పని

లింగాల మండలంలో చీనీతోట పెట్టిన వారికి నీటి సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కాలువ నిండా నీళ్ళున్నా మడవ సన్నగా ఉంటే చెట్టు పాదుకు నీరు అందదు. కాలువకు వేసిన సిమెంటు లైనింగు పగిలితే నీరు పోవలసిన చోటికి పోక పక్క చేలల్లో ఊరుతుంది. గర్భవతులకు వచ్చే ఒక ప్రమాదకరమైన జబ్బును గురించి ఈ నెల వ్రాయదలచినప్పుడు ఇంతకంటె దగ్గరి పోలిక మాకు తోచలేదు. ఆ జబ్బులో మొదట మడవ వెడల్పు కాదు, ఆ తరువాత లైనింగు చెడుతుంది.

డాక్టర్లు దీనిని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. ఇది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దానినే. ఎక్లాంప్సియా అన్నది గ్రీకు మాటనుండి వచ్చింది, మెరుపులాగా తళుక్కుమనడం అని దాని అర్థము. చెప్పాపెట్టకుండా మీదపడే జబ్బు గనుక ఆ పేరు బాగానే కుదిరింది. అయితే మెరుపుకు ముందు మబ్బు పట్టినట్లు దీనికి కూడా చాలాసార్లు ముందుగా గుర్తులుంటాయి. వాటిని మనము గుర్తులుగా చూడము. అదే అసలు బాధ.

ఇండ్లలో ప్రార్థనకు వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే మాట ఇది: “నెలలు నిండినాయి గదా అయ్యగారూ, కాళ్ళకు నీరు దిగక ఏమవుతుంది? ఉప్పు తగ్గించినాములే.” పాదాలకు కొంచెం వాపు రావడం చాలామందికి సహజమే, కాదనము. కాని ముఖము, చేతులు ఉబ్బి, గాజులు బిగుసుకుపోయి, తల పగిలిపోతున్నట్లు నొప్పి ఉంటే అది సహజము కాదు. ఉప్పు మానేసినందువలన ఈ జబ్బు తగ్గదు. ఇంకొక సంగతి, కొందరిలో వాపు అనేదే ఉండదు, రక్తపోటు మాత్రము పెరిగిపోయి ఉంటుంది. కంటితో చూసి చెప్పగలిగేది కాదు ఇది.

ఇంతకూ లోపల జరిగేదేమిటి?

గర్భసంచి గోడలో తల్లి రక్తము మోసే సన్నని నాళాలు మెలికలు తిరిగి ఉంటాయి. బిడ్డను పోషించే మాయ ఏర్పడేటప్పుడు దాని కణాలు ఈ నాళాలలోనికి చొచ్చుకుపోయి, వాటి కండర గోడలను సడలించి, వెడల్పైన కాలువలుగా మారుస్తాయి. గర్భము సగము కాలము నిండేసరికి ఈ పని చాలామట్టుకు ముగియాలి. కొందరు తల్లులలో ఇది అరకొరగా జరుగుతుంది. మడవ సన్నగానే మిగిలిపోతుంది. బిడ్డ పెరిగేకొద్దీ మాయకు రక్తము చాలదు, ప్రాణవాయువు చాలదు. రక్తము సన్నని దారిలో వేగంగా చిమ్ముకొని వచ్చి మాయనే దెబ్బతీస్తుంది.

ఆకలిగొన్న మాయ ఊరకుండదు. కొన్ని పదార్థాలను తల్లి రక్తములోనికి వదులుతుంది. ఇక్కడనుండి జబ్బు గర్భసంచి దాటి ఒళ్ళంతా పాకుతుంది. మన రక్తనాళాలన్నిటికీ లోపలివైపున ఒకే ఒక్క వరుస కణాలతో పలుచని పొర ఉంటుంది. ఇదే మేము చెప్పిన లైనింగు. నాళాన్ని మెత్తగా, వదులుగా ఉంచేది, రక్తము గడ్డకట్టకుండా చూచేది, నీటిని బయటికి కారనీయక ఆపేది ఈ పొరే. అది దెబ్బతింటే నాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. నీరు బయటికి ఊరి వాపు వస్తుంది. మూత్రపిండాలలోని జల్లెడ చెడి, ఒంటిలో నిలవవలసిన మాంసకృత్తులు మూత్రములో పోతాయి. కాలేయానికి తగిలితే కుడివైపు పక్కటెముకల క్రింద నొప్పి, మెదడుకు తగిలితే చూపు మసకబారడము, ఆ పైన ఫిట్స్.

మాయ వదిలే ఆ పదార్థాలలో ముఖ్యమైనదానిని 2003లో బయటపెట్టినది అమెరికాలోని బోస్టన్ నగరములో, బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ వైద్యశాలలో పనిచేస్తున్న డాక్టర్ అనంత్ కరుమంచి, ఆయనతోటి పరిశోధకులు. (డీకొనెస్ అంటే పరిచారకురాలు. రోమా పత్రికలోని ఫీబేను జ్ఞాపకము చేసుకొనండి.) ఆయన భారతదేశములో పుట్టినవాడు, కాన్పుల డాక్టరు కాదు, మూత్రపిండాల డాక్టరు. మూత్రములో మాంసకృత్తులు ఎందుకు పోతున్నవో వెదకుతూ మాయ దగ్గరకు వచ్చాడు. ఈ జబ్బు ఉన్న తల్లుల మాయలో ఎస్‌ఫ్లిట్-1 అనే పదార్థము మితిమీరి తయారవుతున్నదని వారు కనుగొన్నారు. రక్తనాళాల పొరకు తిండివంటి పదార్థాలు రక్తములో తిరుగుతుంటాయి. ఇది వాటిని దారిలోనే పట్టివేస్తుంది. ఎలుకలకు దీనిని ఎక్కించి చూస్తే వాటికి కూడా రక్తపోటు పెరిగింది, మూత్రములో మాంసకృత్తులు పోయాయి. గర్భము లేని ఎలుకలలోను అలాగే జరిగింది.

తప్పు మాయదేగాని బిడ్డది కాదనడానికి మరొక సాక్ష్యము ముత్యాల గర్భము. అందులో బిడ్డ లేకపోయినా ఈ జబ్బు రావచ్చును. ఇది అర్థమైతే వైద్యము కూడా అర్థమవుతుంది. మాయ బయటికి వస్తేనే జబ్బుకు వేరు తెగుతుంది. అందుకే నెలలు నిండకముందే కాన్పు చేయాలని డాక్టరు అన్నప్పుడు కుటుంబము కలతపడుతుంది గాని, ఆయన తొందరకు కారణమున్నది. “ఇంకో నాలుగు వారాలు ఆగితే బిడ్డ బలపడును గదా” అని అత్తగారు అడగడము న్యాయమే. జబ్బు తీవ్రముగా లేకుంటే డాక్టర్లే ఆగుతారు. తీవ్రమైతే ఆగిన ప్రతి దినము తల్లికి, బిడ్డకు కూడా గండమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము ఏటా సుమారు 46 వేలమంది తల్లులు ఈ జబ్బువలన చనిపోతున్నారు.

గర్భము 20 వారాలు దాటిన తరువాత రక్తపోటు 140/90 లేక అంతకు మించి ఉంటే డాక్టరుకు చూపవలసినదే. 160/110 అయితే ఆ పూటే ఆసుపత్రిలో ఉండాలి. మాయ పదార్థాలను కొలిచే రక్తపరీక్షకు అమెరికాలో 2023లో అనుమతి ఇచ్చారు. మంచిదే. మన పల్లెలకు మాత్రము బి.పి. మిషను, మూత్రములో ముంచే చిన్న పట్టీ, ఈ రెండూ సరిగా వాడితే చాలావరకు దొరికిపోతుంది. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలు పెట్టారు. కోతల కాలమైనా, తోటలో కాయ తెంపే కాలమైనా ఆ దినము కోడలిని పంపండి. తొలిచూలు వారు, కవలలు ఉన్నవారు, ముందటి కాన్పులో బి.పి. వచ్చినవారు, చక్కెర జబ్బుగాని మూత్రపిండాల జబ్బుగాని ఉన్నవారు, తల్లికో అక్కకో ఇది వచ్చినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇట్టివారిలో కొందరికి డాక్టర్లు 16 వారాలలోపే చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. దానిని అంగడిలో కొని సొంతముగా మ్రింగరాదు. కాల్షియం బిళ్ళలు కూడా ఈ జబ్బును కొంత తగ్గిస్తాయి. బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధకులు 11 వేలమంది తొలిచూలు తల్లులపై పరీక్షించి, దినానికి 500 మిల్లీగ్రాములు ఇచ్చినా 1500 ఇచ్చినదానికి తీసిపోలేదని 2024లో ప్రకటించారు. రెండు బిళ్ళలకు బదులు ఒకటి వేసుకోవచ్చునా అన్నది మాత్రము మీ డాక్టరునే అడగండి. ఇచ్చిన బిళ్ళలు డబ్బాలోనే ఉండిపోవడము మేము చాలా ఇండ్లలో చూస్తున్నాము.

ఇక ఫిట్స్ వచ్చినప్పటి సంగతి. గర్భిణీ స్త్రీ కన్నులు తేలవేసి, కాళ్ళు చేతులు కొట్టుకుంటే గాలి సోకిందనీ, దయ్యము పట్టిందనీ తాయెత్తు వానికి కబురు పెట్టేవారున్నారు. మన విశ్వాసులు కొందరు గుడి దగ్గరకు తీసుకొని వస్తారు. ప్రార్థన చేయవద్దని మేము ఎందుకంటాము? అయితే ఆమెను ఎడమ పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి, నోటిలో ఏమీ పెట్టక, 108కి ఫోను చేసి, బండి వచ్చేలోపల ప్రార్థించండి, బండిలో ప్రార్థించండి. సంఘకాపరిని తీసుకొనిరావడానికి మోటారుసైకిలు పంపే సమయము ఇది కాదు. మెగ్నీషియం సల్ఫేట్ అనే ఇంజక్షను మొదటి మోతాదు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనే ఇచ్చి పెద్దాసుపత్రికి పంపవచ్చును. 33 దేశాలలో పదివేలమంది తల్లులపై జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై పరిశోధనలో, ఈ మందు ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని సగానికి తగ్గించింది. ఖరీదైన మందు కూడా కాదు.

కాన్పు అయిపోయినదని ఊపిరి పీల్చుకొనే దినాలలోనే కొందరికి ఇది వస్తుంది. ఆరు వారాలదాకా తలనొప్పి, చూపు మసక, ఆయాసము ఉంటే తిరిగి వెళ్ళాలి. పుట్టింటిలో బాలింతగా ఉన్న బిడ్డకు ఈ మాట ఆమె తల్లి చెవిలో వేయండి. తరువాత జబ్బు తగ్గినా, దెబ్బతిన్న ఆ పొర మచ్చ పూర్తిగా పోదేమో అనిపిస్తుంది. ఈ జబ్బు వచ్చిన స్త్రీలకు నడివయస్సులో గుండె జబ్బు, పక్షవాతము వచ్చే అవకాశము ఇతరులకంటె సుమారు రెట్టింపు. గనుక గర్భిణీ కార్డును పారవేయక దాచి, ఏటా ఒకసారి బి.పి. చూపించుకొనేటప్పుడు దానిని కూడా డాక్టరుకు చూపండి.