వరదకు జంకని ఇసుకదొందుకు వేసవిలోనే గండం

మంత్రాలయం రేవులో నీళ్లు మోకాటి లోతు ఉన్నప్పుడు కాలి పక్కనే ఇసుక కదిలినట్లు ఉంటుంది. వంగి చూస్తే ఏమీ కనబడదు. అది ఇసుకదొందు. ఒంటి రంగు ఇసుకదే, పైన నల్లటి మచ్చలు. తల బల్లపరుపు, కళ్లు నెత్తిమీద. ఒళ్లంతా ఇసుకలో పూడ్చుకుని, దగ్గరకొచ్చిన చిన్న చేపనో రొయ్యనో ఒక్క ఉదుటున మింగేస్తుంది. ఆకలైతే సొంత జాతి పిల్లల్నీ వదలదు!

ఇది గోబీలనే పెద్ద చేపల కుటుంబానికి చెందినది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు గంగానది చేపలపై రాసిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. కుటుంబం గుర్తు పొట్ట కింద ఉంటుంది. మామూలు చేపలకు విడివిడిగా ఉండే రెండు పొట్టరెక్కలు వీటికి కలిసిపోయి చిన్న గిన్నెలా తయారయ్యాయి. పారే నీటిలో రాతిని ఆనుకుని నిలవడానికి అదే ఆధారం. హవాయి దీవుల్లో దీని బంధువు ఒకటి ఆ గిన్నె పట్టుతోనే 440 అడుగుల అకాకా జలపాతం ఎక్కి, పైనున్న ఏట్లో కాపురం పెడుతుంది. మన దొందుకు అంత సాహసం అక్కర్లేదు. నది, కాలువ, చెరువు, ఏదైనా దానికి ఇల్లే.

గండమల్లా ఎండాకాలంలోనే. 1953లో హొసపేట వద్ద తుంగభద్ర డ్యాంలో నీరు నిలిపినప్పటి నుంచి దిగువ నదికి గేట్లు వదిలినంతే నీరు. ఆ నీళ్లే దిగువ కాలువలో వచ్చి ఆదోని, ఎమ్మిగనూరు పొలాలను తడుపుతున్నాయి, కాదనేవారు లేరు. అయితే వేసవిలో కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల పక్కన ప్రవాహం సన్నగిల్లి, లోతైన చోట్ల మడుగులు మిగులుతాయి. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయి నది పొంగింది. అటువంటి వరదలు ఈ చేపకు కొత్త కాదు. మడుగు ఎండిందంటేనే పారిపోను దారి ఉండదు.

మడుగులో అది దాక్కునేది ఇసుకలో. గుడ్లు అంటించేది రాళ్ల అడుగున. అవి పగిలి పిల్లలయ్యేదాకా మగచేప కాపలా ఉంటుంది. మడుగు అంచుదాకా ఇసుక తోడి రాళ్లు ఏరుకుపోతే కాపలాదారుకూ చోటుండదు. ఇసుక ఇళ్లకు కావలసిందే. దూరంగా పొడి మేటల్లో తీసుకుంటే పని జరుగుతుంది, కాస్త బండికూలి పెరుగుతుంది అంతే. ఇక మడుగులో మందు కలిపి చేపలు తేల్చడం మాటంటారా, నీళ్లలో విషం కలపడాన్నీ, మందుగుండు పేల్చడాన్నీ 1897 నాటి మత్స్య చట్టమే నేరంగా చెప్పింది. ఆ మడుగులో దొందులే కాదు, ఊరి గొడ్లూ నీళ్లు తాగుతాయి.