మారెడుగడ్డ : కొండతీగను నిలుపుకొను విధము



శేషాచలపు కొండవాలులయందును, తలకోన పరిసరముల బండసందులయందును మారెడుగడ్డ యను తీగ పెరుగుచున్నది. దీనినే కొందరు నన్నారి కొమ్ములందురు. తమిళులు మాగాళిక్కిళంగనియు, కన్నడిగులు మాకళిబేరనియు పిలుతురు. శివపూజకు వాడు మారేడు చెట్టు వేరు, ఈ తీగ వేరు. దీని యూరగాయయు షర్బతును మన యిండ్లకు క్రొత్తవి గావు. కాని తీగ నానాటికి తరిగిపోవుచున్నది. దానిని గూర్చి ఇచట వివరింతుము.

గుర్తులు : కణుపు కణుపునకు ఆకులు రెండేసి యెదురెదురుగా నుండును. త్రుంచిన పాలు కారును. కాయలు జంటగా, కొమ్ములవలె విడివడి యుండును. అవి యెండి పగిలినపుడు గింజలు పట్టువంటి దూదితో గాలి కెగిరిపోవును. వేళ్లు కండగలిగి గుత్తిగా దిగును. నడుమ కట్టె యుండును. సుగంధిపాలకును నన్నారి యనియే పేరు, వాసనయు కొంత పోలును; కాని దాని వేళ్లు సన్నములు.

ఉనికి : ఈ తీగ దక్షిణ భారతమున దప్ప మరెచ్చటను స్వతస్సిద్ధముగా లేదు. వేసవిలో ఆకు రాల్చు అడవులు, నీరు నిలువని రాతినేలలు దీనికి నెలవులు.

ఉపయోగములు : పైతోలు గీకి, నడిమి కట్టె తీసివేసి, ముక్కలను నిమ్మరసములోగాని మజ్జిగలోగాని ఊరవేయుదురు. గడ్డ పొడి నిలువ ధాన్యమును పురుగు పట్టకుండ కాపాడునని మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధనాలయమువారు 1999లో ప్రకటించిరి. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ నన్నారి షర్బతును విక్రయించుచున్నది.

హాని : వేరుకే వెల గలదు గనుక, త్రవ్వువారు మొదలంట పెకలింతురు. అంతటితో తీగ చచ్చును. ఆ యేటి గింజయు లేకపోవును. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అంతరించు ప్రమాదముగల మొక్కలలో చేర్చినది. శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము హద్దులలో అనుమతి లేక త్రవ్వుట చట్టవిరుద్ధము కూడ.

చేయవలసినది : త్రవ్వుటకు హక్కున్నచోట ప్రక్కవేళ్లను మాత్రము కోసికొని, మొదటిని కొన్ని వేళ్లతో నుంచి మన్ను కప్పవలెను. కాయ పగులకముందే గింజ సేకరించి, నిలువయుంచక నారు పోయవలెను. నారును గట్లమీదను కంచెల వెంబడిని నాటి, ప్రాకుటకు ఆధారము చూపవలెను. నీరు నిలుచు పల్లము పనికిరాదు. గడ్డ లావెక్కుటకు కొన్ని యేండ్లు పట్టును, తొందరపడరాదు.

కొనుట యందు సహకార సంఘములకు బాధ్యత గలదు. మొదలుతో పెకలించిన సరుకును నిరాకరించి, సభ్యుల గట్లపై పండినదానికి మంచి వెల నిచ్చినచో పెకలించుటవలన లాభము పోవును. నేడు కంచెకు నాటిన తీగ మన బిడ్డల యూరగాయ జాడీని నింపును. అడవి తీగకు ఊపిరి సలుపును.