ద్వీపాంతరవాసపు ఆనవాళ్ళు: పోర్ట్ బ్లెయిర్ యాత్ర

విశాఖపట్నం నుంచి ఓడెక్కి అండమాన్ దీవులకు చేరుకోవచ్చు. ఈ రోజు విహారయాత్రకు వెళ్ళేవారికి ఆ సముద్రం ఒక అందమైన దృశ్యం. సంకెళ్ళతో దాన్ని దాటిన ఖైదీలకు మాత్రం అది కాలాపానీ. ఆ దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ నగరంలో ఏమి చూడాలో, చూసినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

శిక్షా స్థావరం ఎలా ఏర్పడింది?

1857 తిరుగుబాటులో పట్టుబడిన వారిని స్వదేశానికి దూరంగా ఉంచాలని ఆంగ్లేయులు తలచారు. 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. అడవి కొట్టింది, బాటలు వేసింది, ఇళ్ళు కట్టింది ఆ ఖైదీలే. అయితే ఆ అడవి అండమానీ ఆదివాసులది. 1859లో వారు విల్లంబులతో చేసిన పోరాటాన్ని అబర్డీన్ యుద్ధం అంటారు. దాని స్మారకం నగరంలో ఉంది. ఆ తరువాత తట్టు వంటి కొత్త రోగాలు సోకి ఆదివాసుల సంఖ్య దారుణంగా తగ్గిపోయింది.

ఏ దీవికి ఏ పని?

రాస్ దీవి అధికారుల నివాసం. 2018 నుంచి దీని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. శిథిలమైన చర్చి, బంగళాల గోడలను చెట్ల వేళ్ళు చుట్టుకుని కనిపిస్తాయి. వైపర్ దీవి కఠిన శిక్షలకు కేటాయించినది. వైస్రాయి లార్డ్ మేయోను 1872లో పొడిచి చంపిన షేర్ అలీని అక్కడే ఉరి తీశారు. చాథమ్ దీవిలో 1883లో రంపపు మిల్లు నెలకొల్పారు.

సెల్యులర్ జైలు

కొన్నేళ్ళు శిక్ష అనుభవించిన ఖైదీలకు సేద్యం, వివాహం చేసుకునే అవకాశం ఉండేది. దీంతో శిక్ష అంటే భయం తగ్గిందని 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ నివేదించారు. మొదట కొంతకాలం ఒంటరి నిర్బంధం ఉండాలని సూచించారు. ఆ ఆలోచన నుంచి పుట్టిందే సెల్యులర్ జైలు. 1896లో మొదలైన నిర్మాణం 1906లో పూర్తయింది. కూలీలు ఖైదీలే! అంటే తమను బంధించే గదులను తామే కట్టారు.

మధ్యలో కావలి బురుజు, దాని చుట్టూ బండి చక్రపు ఆకుల్లా ఏడు విభాగాలు, దాదాపు 700 గదులు. ఒక విభాగం ముందువైపు నిలబడితే ఎదుట కనిపించేది మరో విభాగపు వెనుక గోడే. మనిషికి మనిషి ముఖం కనిపించకుండా చేయడమే ఆ కట్టడపు ఉద్దేశం. పగలు గానుగ తిప్పి కొబ్బరినూనె తీయాలి. నిర్ణయించిన తూకం రాకపోతే దండన. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహిత్ మైత్రా, మోహన్ కిషోర్ నామదాస్ మరణించారు. 1937లో మళ్ళీ దీక్ష సాగింది. 1938 నాటికి రాజకీయ ఖైదీలను స్వదేశపు జైళ్ళకు తరలించారు.

మన తెలుగువారు

అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్‌కు పంపారు. ఆయనే 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాకినాడ కుట్ర కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఇక్కడ ఖైదు అనుభవించాడు.

ఏమి గమనించాలి?

నేడు మూడు విభాగాలే మిగిలాయి. 1979లో జైలును జాతీయ స్మారకంగా అంకితం చేశారు. జైలు ఆవరణలోనే ప్రభుత్వ ఆసుపత్రి నడుస్తోంది. బురుజులోని పలకలపై స్వాతంత్ర్య యోధుల పేర్లు చదవవచ్చు. కాని చిన్న నేరాలకో, పెద్ద నేరాలకో వచ్చి, ఈ నగరాన్ని కట్టి, ఇక్కడే మరణించిన వేలాది సాధారణ ఖైదీల పేర్లు ఏ పలక మీదా లేవు. వారి సంతతి నేటికీ అక్కడ నివసిస్తోంది. మీరు నడిచే బాట, ఎక్కే మెట్టు వారి చెమటతో ఏర్పడినవే. ఒక గదిలోకి వెళ్ళి, తలుపు వైపు తిరిగి, కొన్ని నిమిషాలు మౌనంగా నిలబడండి. పుస్తకంలో దొరకని పాఠం ఆ గోడలు చెబుతాయి.