ఆటలలో ప్రకృతిశాస్త్రము

ప్రకృతిశాస్త్రమనగనే గాజుబుడ్లును, ద్రావకములును, నోరు తిరుగని పేరులును మనకు జ్ఞప్తికి వచ్చును. కావుననే అది ఉన్నతపాఠశాల విద్యార్థులకే గాని పసిపిల్లలకు తగదని పెక్కురు తలంతురు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము. చందమామ మనవెంట నేల వచ్చుచున్నాడు? నూనె నీటిపై నేల తేలుచున్నది? అని ఐదేండ్ల బిడ్డ అడుగు ప్రశ్నలే శాస్త్రమునకు మొదటి మెట్టు. “ఊరక కూర్చుండుము” అని గద్దించినయెడల బిడ్డ కొన్నాళ్లకు అడుగుటయే మానును. అటుపిమ్మట ఎన్ని పాఠములు వల్లె వేయించినను ఆ కుతూహలమును మరల పుట్టించుట కష్టము.

ఆటలమూలమున విద్య గరపవలెనని యత్నించిన వారిలో జర్మనీ దేశస్థుడగు ఫ్రోబెల్ ముఖ్యుడు. ఆయన 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను నూరిలో పాఠశాల నెలకొల్పి, పసివారికి బంతులు, ఘనములు, స్తూపములు మొదలగు ఆటవస్తువుల నిచ్చి, వాని ఆకారములను వారే గుర్తించునట్లు చేసెను. ఇటలీ దేశపు విదుషీమణి మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారునకు వచ్చి, ఇట్టి విద్యావిధానమున మన ఉపాధ్యాయులకు శిక్షణ నొసంగెను.

లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌వారు 1825లో క్రిస్మసు దినములందు బాలబాలికలకై ఉపన్యాసముల నారంభించిరి. కమ్మరి కుమారుడై పుట్టి, పుస్తకములు కుట్టు పని నేర్చి, పిదప మహాశాస్త్రజ్ఞుడైన మైకేల్ ఫారడే 1860వ సంవత్సరాంతమున అచ్చట ఆరు ఉపన్యాసముల నారంభించెను. విషయము కేవలమొక కొవ్వొత్తి! పండుగనాడు మన యిండ్లలో వెలుగు కొవ్వొత్తిని పెద్దలు ఆర్పి, వెంటనే పైకెగయు పొగకు అగ్గిపుల్ల చూపినచో, మంట పొగవెంట దిగివచ్చి వత్తిని మరల అంటుకొనును. మండునది మైనపు ఆవిరియని దీనివలన తెలియును.

ఇట్టి వినోదములకు ధనము వలదు. రెండు ఖాళీ అగ్గిపెట్టెలకు పొడవైన దారమును కట్టి బిగువుగా పట్టుకొని మాటలాడినచో, ఒకరి మాట రెండవవారికి వినవచ్చును. దారమును వ్రేళ్లతో నొక్కిపట్టిన మాట ఆగిపోవును. శబ్దము కంపనమని బిడ్డ గ్రహించును. గ్లాసు అడుగున కాగితమును కూరి, దానిని తలక్రిందుగా నీటిలో ముంచి తీసినచో కాగితము తడియదు; ఖాళీ గ్లాసులో గాలి కలదని ఇంతకంటె తేటగా చెప్పగల పుస్తకమేది? వెలుగుచున్న రెండు చిన్న ప్రమిదలపై ఒకదానిపై చిన్న గాజుపాత్రను, రెండవదానిపై పెద్దదానిని బోర్లించిన, చిన్నదాని క్రింది దీపము ముందుగా ఆరును. మంటకు ఆమ్లజని యను ప్రాణవాయువు కావలెను గదా! నిప్పుతో చేయు వినోదములందు మాత్రము పెద్దలు తప్పక దగ్గర నుండవలెను.

ఊహాశక్తికిని ఇందు చోటు కలదు. “నీవొక నీటిబొట్టవు, నీ కథ చెప్పుము” అని బిడ్డ నడుగుడు. త్ర్యంబకము కడ పుట్టి, గోదావరితో రాజమహేంద్రవరము దాటి సముద్రమున కలిసి, ఎండకు ఆవిరియై, మేఘమై, పడమటి కొండలపై మరల వర్షించుట వరకు బిడ్డ చెప్పును. అయితే కథతో నిలువరాదు. తడిబట్టను నీడలో నొకటి, ఎండలో నొకటి ఆరవేసి, ఏది ముందు ఆరునో చూపవలెను. ఊహించుట, పిమ్మట పరీక్షించుట: ఈ రెండును కలిసిననే శాస్త్రమగును, పరీక్ష లేని ఊహ కట్టుకథయే.

తాము చదువుకొనలేదు గనుక బిడ్డల ప్రశ్నలకు బదులు చెప్పజాలమని కొందరు తల్లిదండ్రులు చింతింతురు. వారికి మా మనవి యొక్కటి. బదులు తెలియకుండుట సిగ్గుపడదగినది కాదు. “నాకును తెలియదు, రమ్ము, చూతము” అనిన చాలును. విత్తనము మొలకెత్తు తీరు రైతునకును, సున్నము నీటిలో ఉడుకు తీరు తాపీపనివానికిని తెలిసినంత మాలో అనేకులకు తెలియదు. మీరు మీ పనులలో చూచినవి బిడ్డలకు చూపుడు. వారడిగిన ప్రశ్నలను పాఠశాలకు పంపుడు. సృష్టికర్త చేసిన యీ లోకమును వారితో కూడ మేమును పరిశీలింతుము.