ఇంట్లోనే బైక్ ఇంజిన్ ఆయిల్ మారుస్తున్నారా? నేను చేసిన ఈ తప్పులు మీరు చేయకండి

ఫోన్ బ్యాటరీ మార్చడం, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకోవడం ఇంట్లోనే చేసుకునేవాళ్లకి బైక్ ఆయిల్ మార్చడం పెద్ద పనిలా కనిపించదు. నాకూ అలాగే అనిపించింది. ఒక బోల్ట్ విప్పాలి, పాత ఆయిల్ దింపాలి, కొత్తది పోయాలి, అంతేగా! రెండు వీడియోలు చూసి, ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నా 150 సీసీ బైక్ ముందు కూర్చున్నా.

సోమవారం ఉదయం ఆఫీసుకి వెళ్తుంటే, వెనక స్కూటర్ మీద వస్తున్న ఒక పెద్దాయన హారన్ కొడుతూ పక్కకి వచ్చారు. "బాబూ, బండి ఆపు. ఇంజిన్ కింద ఆయిల్ కారుతోంది" అన్నారు. దిగి చూస్తే డ్రెయిన్ బోల్ట్ దగ్గర సన్నటి ధార. వెనక టైరు అంచు కూడా తడిసింది. ఆయన చూడకపోతే తర్వాతి మలుపులో నేను కింద పడేవాణ్నేమో. లేదంటే ఆయిల్ అంతా పోయి ఇంజిన్ సీజ్ అయ్యేది.

ఆ రోజు తర్వాత నేను ఒక అలవాటు చేసుకున్నా. పానా పట్టుకునే ముందు బైక్ మాన్యువల్ తెరిచి మూడు వివరాలు ఫోన్‌లో నోట్ చేసుకుంటా. బోల్ట్ టార్క్ ఎంత, ఆయిల్ ఎంత, ఏ గ్రేడ్. పెద్ద తప్పులన్నీ ఈ మూడింటి దగ్గరే జరుగుతాయి.

1. బోల్ట్‌ని బలం కొద్దీ బిగించడం

నేను చేసిన ప్రధాన తప్పు ఇదే. ఆయిల్ కారకూడదని పొడవాటి హ్యాండిల్‌తో గట్టిగా బిగించా. టైట్ అవుతూ అవుతూ ఉన్నట్టుండి లూజ్ అయిపోయింది. అప్పుడే ఆగాల్సింది. బదులుగా టెఫ్లాన్ టేప్ చుట్టి పెట్టేశా. మర్నాడు మెకానిక్ అన్న చూసి, "తమ్ముడూ, బోల్ట్‌కేం కాలేదు. చాంబర్‌లో థ్రెడ్ పోయింది" అన్నాడు. బోల్ట్ స్టీల్‌ది, చాంబర్ అల్యూమినియంది. రెండింటికీ పోటీ పెడితే పోయేది అల్యూమినియమే. చివరికి హెలికాయిల్ వేయించాల్సి వచ్చింది. మిగులుతుందనుకున్న లేబర్ చార్జ్ కంటే చాలా ఎక్కువే వదిలింది.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. నా బైక్ డ్రెయిన్ బోల్ట్‌కి మాన్యువల్ చెప్పేది 20 న్యూటన్ మీటర్లు. 20 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 10 కిలోల బరువంత నొక్కితే అది సరిపోతుంది. అదే బలం 40 సెంటీమీటర్ల హ్యాండిల్ మీద పెడితే టార్క్ రెట్టింపు అవుతుంది. చేతికి తేడా తెలియదు, థ్రెడ్‌కి తెలుస్తుంది. టార్క్ రెంచ్ కొంటే మీ బైక్ నంబర్ దాని రేంజ్‌లో ఉందో లేదో చూసి కొనండి. కార్ల కోసం చేసిన పెద్ద రెంచ్‌లు చాలావరకు ఇంత తక్కువ టార్క్‌కి పనికిరావు.

బోల్ట్‌ని ముందు వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు తిప్పండి. పట్టేసినట్టు అనిపిస్తే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. వాషర్ కొత్తది వేయండి.

2. మాన్యువల్‌లో తప్పు నంబర్ చూడటం

చాలా మాన్యువల్స్‌లో ఆయిల్ పరిమాణం ఒకటి కంటే ఎక్కువ ఉంటుంది. మామూలు ఆయిల్ మార్పిడికి ఒకటి, ఇంజిన్ మొత్తం విప్పి బిగించినప్పటికి ఇంకొకటి. రెండోది ఎక్కువ. ఎందుకంటే బోల్ట్ విప్పినా లోపలి ఆయిల్ మొత్తం దిగదు, కొంత భాగాలకి అంటుకునే ఉంటుంది. ఆ పెద్ద నంబర్ చూసి పోస్తే ఆయిల్ ఎక్కువైపోతుంది. అప్పుడు లోపల నురగ కట్టొచ్చు, బ్రీదర్ గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళ్లొచ్చు. మన దగ్గర 900 ఎంఎల్, 1 లీటర్ డబ్బాలు రెండూ దొరుకుతాయి కాబట్టి "ఒక డబ్బా పోసేయ్" అనే లెక్క కుదరదు.

3. కారు ఆయిల్ వాడేయడం

గేర్ బైకుల్లో ఎక్కువ వాటికి క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కార్ల ఆయిల్స్ కొన్నింటిలో రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. వాటితో క్లచ్ స్లిప్ కావొచ్చు. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. అందుకే డబ్బా మీద 10డబ్ల్యూ-30 లాంటి గ్రేడ్ ఒక్కటే కాకుండా జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందేమో చూడండి. జాసో ఎంబీ అనేది గేర్లు లేని స్కూటర్ల లాంటి వాటికి. వేరే మోడల్ ఫర్మ్‌వేర్ ఫ్లాష్ చేస్తే ఫోన్‌కి ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే.

4. సైడ్ స్టాండ్ మీద లెవెల్ చూడటం

బండి వాలి ఉంటే రీడింగ్ తప్పు వస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. డిప్‌స్టిక్‌ని చాలా బైకుల్లో మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. మీ బైక్‌కి ఏ పద్ధతో మాన్యువల్‌లో ఉంటుంది.

5. చిన్నవే కానీ మర్చిపోయేవి

- కింద బోల్ట్ విప్పే ముందు పైన ఫిల్లర్ క్యాప్ తెరుచుకుంటుందో లేదో చూడండి.
- ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ బాగా దిగుతుంది. లాంగ్ రైడ్ నుంచి రాగానే విప్పితే మాత్రం చెయ్యి కాలుతుంది.
- ఫిల్టర్ తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. స్ప్రింగ్ ఎటు, ఓ-రింగ్ ఎక్కడ అనేది తర్వాత గుర్తుండదు.
- పని అయ్యాక బోల్ట్ తుడిచి, కింద అట్టముక్క పరిచి, ఇంజిన్ ఐదు నిమిషాలు నడపండి. ఈ ఒక్క పని చేసి ఉంటే నా లీక్ ఆదివారమే బయటపడేది.

పాత ఆయిల్‌ని డ్రైనేజీలో పోయకండి. అది ప్రమాదకర వ్యర్థాల కిందకి వస్తుంది. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. బైక్ ఇంకా వారంటీలో ఉంటే షరతులు చదివాకే బోల్ట్ మీద చెయ్యి వేయండి.

ఆ తర్వాత నా బైక్‌కి రెండుసార్లు నేనే ఆయిల్ మార్చా. ఒక్క చుక్క కారలేదు. అయినా మర్నాడు ఉదయం బండి తీసే ముందు వంగి ఒకసారి కింద చూస్తా. మీరూ చూడండి. ప్రతిసారీ వెనక నుంచి హారన్ కొట్టే పెద్దాయన ఉండరు కదా!